ఇంటికి యాష్ కలర్: ఏ గ్రే, ఏ గోడకి, ఏ లైటు కింద

"ఒరే, డబ్బులిచ్చి మరీ ఇంటికి బూడిద పూయించేవేట్రా?"

హాలు గోడలకి రెండో కోటు ఆరకముందే మా అమ్మ అన్న మాట ఇది. నేను ఫోన్లో దాచుకున్న ఫొటోలు చూపించాను. లేత బూడిద గోడ, దాని ముందు తెల్ల సోఫా, మూలన ఒక మొక్క. "ఇది బాగుంది. మరి మనది ఇలా లేదేం?" అంది. అప్పుడు నా దగ్గర జవాబు లేదు. రాత్రి ట్యూబులైటు వేశాక చూస్తే గోడలు బూడిద రంగులో కూడా లేవు. నేరేడుపళ్ళు తిన్న నాలుకలా ఉన్నాయి.

ఒడిశాలోని పర్లాకిమిడిలో మాది పాత వరస ఇల్లు. రెండు పక్కలా ఉమ్మడి గోడలు, ముందు వీధి, వెనక పెరడు, మధ్యలో గది వెనక గది. ఏడాది తిరక్కుండానే హాలుకి మళ్ళీ రంగు వేయించాను. ఆ తర్వాత బరంపురంలో, రాయగడలో, గుణుపురంలో చుట్టాల ఇళ్ళకి రంగు ఎంచాలంటే నన్ను పిలవడం మొదలుపెట్టారు. దెబ్బ తిన్నవాడికి తెలుస్తుందని కాబోలు. గ్రే మంచిదా కాదా అని అడిగితే నేను చెప్పలేను. ఏ గ్రే, ఇంట్లో ఏ చోట, ఏ లైటు కింద అని అడిగితే మాత్రం కొంత చెప్పగలను.

## ఈ రంగు ఎక్కడి నుంచి వచ్చింది

లండన్ సైన్స్ మ్యూజియంకి చెందిన వస్తువుల ఫొటోలు ఏడు వేలకు పైగా తీసుకుని, వాటి రంగులు కాలంతో ఎలా మారాయో 2020లో లెక్కగట్టారు. 1800 నుంచి ఇటు వచ్చేకొద్దీ గోధుమ, పసుపు రంగులు తగ్గి బూడిద రంగు పెరిగింది. చెక్క, తోలు పోయి ఇనుము, స్టీలు, ప్లాస్టిక్ రావడం దానికి ఒక ముఖ్య కారణం. ఇళ్ళ గోడల విషయానికొస్తే 2010 తర్వాత యూరప్, అమెరికా ఇళ్ళలో గ్రే బాగా పాకింది. రంగుల షేడ్లకి నంబర్లిచ్చే పాంటోన్ సంస్థ 2021కి ఏడాది రంగుగా 'అల్టిమేట్ గ్రే'ని ఒక పసుపుతో జంటగా ప్రకటించింది. 2025కి వచ్చేసరికి అదే సంస్థ 'మోకా మూస్' అనే కాఫీ రంగుని ఎంచుకుంది. అంటే అక్కడ గాలి గోధుమ వైపు తిరిగాక, ఇక్కడ మన షాపుల్లో యాష్ కలర్ డబ్బాలు జోరుగా కదులుతున్నాయి. అందులో తప్పేమీ లేదు. ఫ్యాషన్ కోసమే వేయిస్తున్నవాళ్ళు మాత్రం ఇది తెలుసుకుని వేయించుకుంటే మంచిది.

నిజానికి గ్రే మనకి కొత్త కాదు. సిమెంటు గచ్చు గ్రే. తాండూరు బండ, షాబాదు బండ గ్రే. రాజస్థాన్ నుంచి వచ్చే కోటా రాయి పచ్చని జీర ఉన్న గ్రే. పక్కనే టెక్కలి వైపు తీసే శ్రీకాకుళం బ్లూ గ్రానైట్ పేరుకే బ్లూ, దూరం నుంచి చూస్తే సగం గ్రే. పేడతో అలికిన నేల ఆరాక వచ్చే రంగు కూడా ఆ కుటుంబానిదే. ఇవన్నీ ఎక్కడున్నాయో గమనించండి: కాళ్ళ కింద. మనవాళ్ళు తరతరాలుగా గ్రేని నేలకి వాడారు. గోడకి సున్నం వేసి, అందులో కాస్త నీలం కలిపి ఇంకా తెల్లగా కనపడేలా చూసుకున్నారు. గ్రేని గోడెక్కించడమే కొత్త. చిక్కులన్నీ అక్కడే మొదలవుతాయి.

షాపులో మాట గురించి ఒక ముక్క. మన వైపు గ్రే అని అడిగేవాళ్ళు తక్కువ. యాష్ కలర్ అంటారు, సిమెంటు కలర్ అంటారు. ఒడియా పెయింటరైతే పాఉంశియా అంటాడు. ముగ్గురి మనసులో మూడు రంగులుంటాయి. కాబట్టి షేడు కార్డు మీద నంబరు చూపించి మాట్లాడండి, పేరుతో కాదు.

## ముందు చూసుకోవలసినవి

వెలుతురు. మిగతావన్నీ దీని తర్వాతే. రంగు కంపెనీల షేడు కార్డుల్లో, వెబ్‌సైట్లలో కొన్నిచోట్ల ఎల్‌ఆర్‌వీ అని ఒక అంకె ఉంటుంది. గోడ మీద పడిన వెలుతురులో ఎన్ని పాళ్ళు తిరిగి గదిలోకి వస్తుందో చెప్పే అంకె అది. సున్నా అంటే కటిక నలుపు, నూరు అంటే మచ్చలేని తెలుపు. లేత క్రీమ్ రంగులు 80కి అటూ ఇటూ ఉంటాయి. లేత యాష్ 60 దగ్గర. ముదురు చార్‌కోల్, అంటే బొగ్గు రంగు, 10 దగ్గర.

80కి, 60కి పెద్ద తేడా ఏముందనిపిస్తుంది. వరస ఇంట్లో ఉంది. వీధి గుమ్మంలోంచి వచ్చిన వెలుతురు మధ్య గదికి చేరేలోపు రెండు మూడు గోడలకి తగిలి వస్తుంది. నూరు పాళ్ళ వెలుతురు క్రీమ్ గోడకి ఒకసారి తగిలితే 80, రెండోసారికి 64, మూడోసారికి 51 మిగులుతుంది. లేత యాష్ గోడకైతే 60, తర్వాత 36, మూడోసారికి 22కి కాస్త తక్కువ. సగం కన్నా తక్కువన్నమాట. మా మధ్య గదిలో పగలు పదకొండు గంటలకి లైటు ఎందుకు వేయాల్సి వచ్చిందో ఈ లెక్క చూశాక అర్థమైంది. నాలుగు వైపులా కిటికీలున్న కొత్త డాబా ఇంటికి ఈ బాధ లేదు.

రాత్రి వేసే లైటు. ఫొటోల్లో గ్రే అందంగా కనపడడానికి సగం కారణం ఆ గదిలో ఉన్న పసుప్పచ్చటి దీపాలు, 3000 కెల్విన్ (వెలుతురు రంగుని చెప్పే కొలత) చుట్టుపక్కలవి. మన ఇళ్ళలో ఎక్కువగా ఉండేది 6500 కెల్విన్ తెల్ల ఎల్‌ఈడీ ట్యూబు. ఈ అంకె పెరిగేకొద్దీ వెలుతురులో నీలం పాలు ఎక్కువ. గ్రేలో నీలమో ఊదానో ఏ కాస్త దాగి ఉన్నా ఈ ట్యూబు దాన్ని బయటికి లాగుతుంది. మా హాలులో జరిగింది అదే. బ్యాంకులో, ఆసుపత్రి వరండాలో కూర్చున్నట్టు ఉంటుందని కొందరు అనేది కూడా ఇందుకే. ట్యూబు తీసి 4000 కెల్విన్ బల్బు పెడితే అదే గోడ సగం దారికొస్తుంది. రంగు మార్చే ముందు బల్బు మార్చి చూడండి, చౌక.

కిటికీ దిక్కు. ఉత్తరం వైపు కిటికీ ఉన్న గదిలోకి ఏడాదిలో ఎక్కువ కాలం నేరుగా ఎండ రాదు, ఆకాశపు నీలి వెలుతురే వస్తుంది. అక్కడ గ్రే చల్లగా, దిగులుగా ఉంటుంది. పడమటి గదిలో సాయంత్రం ఎండకి అదే గ్రే గోధుమ రంగుకి తిరుగుతుంది.

చెమ్మ. గంజాం, గజపతి జిల్లాల వాళ్ళకి దీని గురించి చెప్పనక్కర్లేదు. 2013 అక్టోబరు 12న ఫైలిన్ తుఫాను గోపాల్‌పూర్ దగ్గర, 2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటాయి. అలాంటి గాలివానలో నీళ్ళు పైనుంచి పడవు, పక్కనుంచి గోడలోకి కొడతాయి. చెమ్మ పట్టిన గోడలో రెండు రకాల మచ్చలొస్తాయి. ఒకటి నల్లటి బూజు, పాచి. ఇది లేత గోడ మీద కొట్టొచ్చినట్టు కనపడుతుంది, ముదురు గ్రే మీద దాక్కుంటుంది. రెండోది తెల్లటి ఉప్పు పొంగు. ఇది సరిగ్గా తిరగబడి, ముదురు గ్రే మీద సుద్దముక్కతో గీసినట్టు కనపడుతుంది. గచ్చునుంచి రెండు మూడడుగుల ఎత్తు వరకు ఉప్పు పొంగే పాత గోడలున్నవాళ్ళు ముదురు రంగు జోలికి పోవద్దు. అసలు ముందు చెమ్మ ఆపించుకోండి. ఏ రంగూ చెమ్మకి మందు కాదు.

దుమ్ము, చేతి మరకలు. లేత, మధ్యరకం గ్రే దుమ్ముని బాగా దాస్తుంది. ముదురు గ్రే దాచదు, ఫ్యాను గాలికి గోడకంటిన తెల్లటి దుమ్ము, కుర్చీ వీపు గీసిన గీతలు అన్నీ చూపిస్తుంది.

వెనక్కి తిరిగే ఖర్చు. క్రీమ్ నుంచి గ్రేకి వెళ్ళడం సులువు. చార్‌కోల్ నుంచి క్రీమ్‌కి తిరిగి రావాలంటే ప్రైమరు, పైన ఒక కోటు ఎక్కువ, కూలి అదనం. దీన్ని మొదటే లెక్కలో వేసుకోండి.

ఇంట్లో ఎవరుంటారు. బూడిద అనే మాటే కొంతమంది పెద్దవాళ్ళకి నచ్చదు. వాళ్ళ చెవికి అది చితిని గుర్తుచేస్తుంది. విభూతి కూడా బూడిదే కదా అని మా తమ్ముడు వాదించాడు, గెలవలేదు. రోజంతా ఆ గోడల మధ్య గడిపేది వాళ్ళే. సాయంత్రం ఆఫీసు నుంచి వచ్చి మూడు గంటలు కూర్చునేవాళ్ళ ఇష్టం కన్నా వాళ్ళ మాటకి ఎక్కువ మార్కులు వేయాలని నా లెక్క.

## ఐదు దారులు

ఒకచోట పెట్టి చూస్తే ఇలా ఉంటుంది. వివరం కిందే ఉంది, పట్టిక చూసి నిర్ణయం తీసుకోవద్దు.

| | వెలుతురు | చెమ్మ మచ్చలు | దుమ్ము, మరకలు | వెనక్కి మారడం | ఎవరికి నప్పుతుంది |
|---|---|---|---|---|---|
| అన్ని గోడలూ లేత యాష్ | తగ్గుతుంది | బూజు కనపడుతుంది | దుమ్ము దాస్తుంది | సులువు | కిటికీలు బాగా ఉన్న ఇల్లు |
| గ్రేజ్ | కొంచెం తగ్గుతుంది | రెండూ ఓ మోస్తరు | బాగా దాస్తుంది | సులువు | నిర్ణయం కుదరనివాళ్ళు |
| ఒక్క గోడ చార్‌కోల్ | ఆ గోడ వెలుతురు మింగుతుంది | ఉప్పు బాగా కనపడుతుంది | దాచదు | కష్టం | పెద్ద హాలు, పొడి గోడ |
| నేల గ్రే, గోడ క్రీమ్ | తగ్గదు | గోడకి మామూలే | నేల బాగా దాస్తుంది | నేల మారదు | దాదాపు అందరికీ |
| బయట గోడలు గ్రే | లోపలికి సంబంధం లేదు | షేడుని బట్టి | బాగా దాస్తుంది | మధ్యరకం | రోడ్డు పక్క ఇళ్ళు |

### అన్ని గోడలూ లేత యాష్

ఎక్కువమంది అడిగేది ఇదే, ఎక్కువమంది బాధపడేదీ ఇదే. షేడు కార్డు మీద వేలిగోరంత ముక్క చూస్తే తెలుపుకి దగ్గరగా, శుభ్రంగా ఉంటుంది. నాలుగు గోడలకీ ఎక్కాక ఒక గోడ రంగు ఇంకో గోడ మీద పడి రెట్టింపు ముదురుగా అనిపిస్తుంది. అందుకే మీకు నచ్చిన షేడు కన్నా ఒక మెట్టు, వీలైతే రెండు మెట్లు లేతది తీసుకోండి.

రాయగడలో మా పిన్ని వాళ్ళ కొత్త ఇంట్లో మాత్రం ఈ రంగు నిజంగా బాగుంది. తూర్పుకీ దక్షిణానికీ పెద్ద కిటికీలు, మెరుపు లేని తెల్ల సీలింగు, టేకు తలుపులు. టేకు పక్కన లేత యాష్ వెలిగిపోతుంది. అదే షేడు మా ఇంట్లో ముదురాకుపచ్చ ఎనామిల్ కొట్టిన పాత తలుపుల పక్కన మురికినీళ్ళలా ఉండేది. తలుపులు, కిటికీలు ఏ రంగులో ఉన్నాయో చూడకుండా గోడ రంగు తేల్చకండి.

### గ్రేజ్

గ్రే, బీజ్ కలిసిన రంగు. మన మాటల్లో చెప్పాలంటే పాలు ఎక్కువ పోసిన కాఫీలో చిటికెడు బూడిద కలిపినట్టు ఉంటుంది. చెప్పడానికి బాగాలేదు, గోడ మీద బాగుంటుంది. ఇందులో గోధుమ పాలు ఉండటం వల్ల తెల్ల ట్యూబు కింద కూడా నీలానికి తిరగదు. ఎర్రమట్టి నేల మన వైపు ఎక్కువ కదా, పిల్లలు తెచ్చే ఆ ఎర్ర దుమ్ము దీని మీద అంతగా తెలియదు. టేకు, వేప, ఎర్ర గచ్చు, పాత మొజాయిక్ నేల, దేనితోనూ తగువు పెట్టుకోదు.

లోపం ఒకటుంది. గ్రే కావాలని ఆశపడ్డవాళ్ళకి ఇది గ్రేలా అనిపించదు. "ఇదేం గ్రే, మట్టిరంగు" అని మా మరదలు ముఖం ముడుచుకుంది. పెద్దవాళ్ళకి మాత్రం ఇది బూడిదలా కనపడదు, గొడవ ఉండదు. ఇంట్లో రెండు పార్టీలుంటే రాజీ రంగు ఇదే.

### ఒక్క గోడ చార్‌కోల్

టీవీ వెనక గోడకో, మంచం తలవైపు గోడకో వేస్తారు. పది అడుగుల గదిలో వేస్తే గోడ మీదికి వచ్చినట్టుంటుంది, వద్దు. పెద్ద హాలులో, చెమ్మ లేని గోడకి బాగుంటుంది. మెరుపు తక్కువున్న మ్యాట్ రకం అయితే చెయ్యి రాసుకున్న చోటల్లా మెరుపు మచ్చ పడుతుంది, పిల్లలున్న ఇంట్లో నాలుగు నెలల్లో గోడ దేశపటంలా తయారవుతుంది.

ఒక లాభం మాత్రం చెప్పాలి. బరంపురం పట్టుచీర కట్టుకున్నవాళ్ళని ఈ గోడ ముందు నిలబెట్టి ఫొటో తీస్తే ఎరుపూ జరీ రెండూ గోడలోంచి బయటికొచ్చినట్టు ఉంటాయి. గ్రేలో సొంత రంగు లేదు కాబట్టి పక్కనున్న రంగుని తినెయ్యదు. పర్లాకిమిడి కొమ్ము బొమ్మలు మాత్రం ఈ గోడ ముందు పెట్టకండి. గేదెకొమ్ములోనే నలుపు, బూడిద, తేనెరంగు చారలుంటాయి. చార్‌కోల్ ముందు సగం బొమ్మ మాయమవుతుంది. వాటికి క్రీమ్ గోడే సరి.

### నేల గ్రే, గోడ క్రీమ్

నా ఓటు దీనికే. చివరికి మా ఇంట్లో చేసిందీ ఇదే. అందుకని దీన్ని కాస్త ఎక్కువ పొగిడితే తగ్గించి చదువుకోండి.

నేలకి గ్రే అంటే మన దగ్గర నాలుగు రకాలు దొరుకుతాయి. సిమెంటు గచ్చు అన్నిటికన్నా చౌక. మంచి మేస్త్రీ దొరికి, బాగా నీళ్ళు కట్టి ఆరబెడితే ఏళ్ళ తరబడి ఉంటుంది. వాడేకొద్దీ నునుపెక్కుతుంది. హడావిడిగా చేస్తే వెంట్రుకవాసి బీటలొస్తాయి. అవి అందంగా ఉన్నాయనుకునేవాళ్ళూ ఉన్నారు, నాకు లేవు. కోటా, తాండూరు లాంటి బండలు పాలిష్ పట్టిస్తే చల్లగా ఉంటాయి, ఏళ్ళ తర్వాత మళ్ళీ పాలిష్ పట్టించుకోవచ్చు. ఇవి సున్నపురాళ్ళు కాబట్టి నిమ్మరసం, చింతపండు, బాత్రూమ్ కడిగే యాసిడ్ పడితే మెరుపు పోయి తెల్ల మచ్చ పడుతుంది. వంటింట్లో ఇది ఆలోచించండి. గ్రే విట్రిఫైడ్ టైల్సుకి ఆ భయం లేదు. టైల్సు వేయిస్తే మధ్య గీతలకి తెల్ల ఫిల్లరు వద్దు, గ్రే ఫిల్లరు పెట్టించండి. పసుపు మరక, మురికి రెండూ కొంత తక్కువగా తెలుస్తాయి. ఇక గ్రానైట్ గట్టిది, బరువైనది, ధర ఎక్కువ. టెక్కలి దగ్గరే కాబట్టి మన వైపు వాళ్ళకి లారీ కిరాయి కొంత కలిసొస్తుంది.

ఇప్పుడు ఎవరూ షాపులో చెప్పని సంగతి. మార్గశిర లక్ష్మివారాలకి (గురువారాలకి) మన ఇళ్ళలోనూ, ఒడియా ఇళ్ళలోనూ గుమ్మం నుంచి దేవుడి గది దాకా బియ్యప్పిండి నీళ్ళతో ముగ్గు, లక్ష్మీదేవి పాదాలు వేస్తారు. ఒడియావాళ్ళు దీన్ని ఝోటి అంటారు. తెల్లటి లేదా క్రీమ్ టైల్సు వేయించుకున్న ఇళ్ళలో ఆ ముగ్గు కనపడక స్టిక్కర్లు అంటిస్తున్నారు. గ్రే నేల మీద అదే పిండి ముగ్గు వెన్నెల్లా ఉంటుంది. తెల్ల పిండికి కింద ఏదో ఒక ముదురు రంగు కావాలి. సవర గిరిజనుల ఊళ్ళలో ఇడితాల్ బొమ్మలు ఎర్రమట్టి పూసిన గోడ మీద తెల్లటి పిండితో వేస్తారు, అక్కడా అదే సూత్రం. బూడిద అని అలిగిన మా అమ్మ గ్రే బండ మీద ముగ్గు వేశాక నేల గురించి ఒక్క మాట అనలేదు. మెచ్చుకోనూ లేదు, అది వేరే సంగతి.

గోడలు క్రీమ్‌గా ఉంచితే వెలుతురు పోదు, తెల్ల ట్యూబు కింద కూడా ముఖాలు పాలిపోయినట్టు కనపడవు. నాలుగేళ్ళ తర్వాత గోడలకి ఇంకే రంగు కావాలన్నా నేల అడ్డం రాదు. కష్టమల్లా నేల మార్చడం తేలిక కాదు. కొత్తగా కట్టుకుంటున్నవాళ్ళకీ, ఎలాగూ నేల తవ్వించేవాళ్ళకీ మాత్రమే ఈ దారి. ఉన్న ఎర్ర గచ్చుని గ్రే కోసం పగలగొట్టించకండి. ఎర్ర ఆక్సైడ్ గచ్చు ఇప్పుడు చేసేవాళ్ళు దొరకడమే గగనం.

### బయట గోడలు

ఇక్కడ గ్రే గురించి నాకు పెద్ద ఫిర్యాదులు లేవు. ముదురు ఎరుపు, ఊదా లాంటి రంగుల్లో చాలా షేడ్లు ఎండకి త్వరగా వెలిసిపోతాయి. గ్రేకి వాడే నల్లరంగు, ఆక్సైడ్లు ఎండని బాగా ఓర్చుకుంటాయి. లారీల దుమ్ము, పొగ పడే రోడ్డు పక్క ఇంటికి మధ్యరకం గ్రే సరిపోతుంది. పడమటి గోడకి చార్‌కోల్ మాత్రం వేయించకండి. ఎండలో చాలా భాగం గోడ తాగేసి రాత్రి పడుకునే గదిలోకి వదులుతుంది. వేసవిలో ఆ గోడకి చెయ్యి ఆనిస్తే తెలుస్తుంది. కింద రెండడుగులు వానకి ఎర్రమట్టి చిమ్మే ఇళ్ళకి ఆ పట్టీ వరకు ఇటుక రంగో చాక్లెట్ రంగో వేసి, పైన గ్రే వేయడం మేలు.

ఫ్లై యాష్ ఇటుకలతో కట్టిన గోడలని ప్లాస్టరు చేయకుండా అలాగే వదిలేయడం కూడా ఇప్పుడు చూస్తున్నాను. రంగు ఖర్చు లేని గ్రే అది. కాంపౌండు గోడకి బాగుంటుంది. ఇంటి గోడకైతే నీళ్ళు పీల్చకుండా పైన సీలరు కొట్టించాలి, వానలకి ఎదురుగా ఉన్న వైపు నేనైతే ప్లాస్టరే చేయిస్తాను.

## మీరు ఏ రకం?

బరంపురం, పర్లాకిమిడి పాత వీధుల్లో వరస ఇల్లు ఉంటే గోడలకి గ్రే వద్దు. వీధి గది ఒక్కదానికి గ్రేజ్ వేసుకుని ముచ్చట తీర్చుకోండి. మధ్య గదులకి క్రీమ్, సీలింగుకి తెలుపు.

కొత్తగా డాబా కట్టుకుని ఖాళీ స్థలం మధ్యలో ఉన్నవాళ్ళు లేత యాష్ ధైర్యంగా వేయించుకోవచ్చు. కొత్త ప్లాస్టరు మాత్రం పూర్తిగా ఆరనివ్వండి. నీళ్ళు కట్టే రోజులు అయ్యాక కూడా కొన్ని వారాలు ఆగాలి, వానాకాలమైతే ఇంకా ఎక్కువ. తడి గోడ మీద వేసిన గ్రేలో మేఘాల్లా మచ్చలొస్తాయి. గృహప్రవేశం ముహూర్తం ముందుకొస్తే ప్రైమరు వరకు వేసి పూజ కానివ్వండి, రంగు తర్వాత.

దామన్‌జోడి, జేకేపూర్ లాంటి చోట్ల కంపెనీ క్వార్టర్సులోనో అద్దె ఇంట్లోనో ఉన్నవాళ్ళకి గోడ రంగు వాళ్ళ చేతిలో ఉండదు. గ్రే కర్టెన్లు, దుప్పట్లు, సోఫా గుడ్డ తీసుకోండి. బదిలీ అయితే మీతో వస్తాయి.

అద్దెకిచ్చే ఇల్లయితే ఆలోచన అక్కర్లేదు, గ్రేజ్ లేదా క్రీమ్. అద్దెకి దిగేవాళ్ళలో ఒకరికి నచ్చింది ఇంకొకరికి నచ్చదు, ఈ రెంటికీ వంక పెట్టేవాళ్ళు తక్కువ.

కంటిచూపు తగ్గిన పెద్దవాళ్ళున్న ఇంట్లో ఒక జాగ్రత్త. గ్రే నేల, గ్రే గోడ, గ్రే మెట్లు అన్నీ ఒకే రంగులో ఉంటే మెట్టు అంచు ఎక్కడుందో వాళ్ళకి తెలియదు. మెట్ల అంచుకి వేరే రంగు పట్టీ తప్పకుండా పెట్టించండి. దేవుడి గది విషయంలో వాదన పెట్టుకోకుండా పసుపో తెలుపో వేయించేయండి.

## డబ్బా కొనేముందు

షేడు కార్డు ముక్క చూసి కొనకండి. చిన్న డబ్బా తెచ్చి, తెల్ల ప్రైమరు కొట్టిన రెండడుగుల అట్టముక్కకి రెండు కోట్లు వేయండి. ఎమల్షన్ తడిగా ఉన్నప్పటికన్నా ఆరాక కొంచెం ముదురుతుంది, కాబట్టి పూర్తిగా ఆరాకే చూడాలి. (సున్నం దీనికి పూర్తిగా రివర్సు, ఆరితే బాగా లేతవుతుంది.) ఆ అట్టని పొద్దున, మధ్యాహ్నం, రాత్రి లైటు కింద, ప్రతి గదిలోనూ గోడకి ఆనించి చూడండి. పక్కన ఒక తెల్ల కాగితం పెట్టండి. కాగితం పక్కన చూస్తే గ్రేలో దాగిన నీలమో, పచ్చో, ఊదానో బయటపడుతుంది. నేను ఈ పని చేయలేదు. షాపతను "ఇదే అందరూ తీసుకెళ్తున్నారు" అన్నాడు, తెచ్చేశాను.

ఇంటికి సరిపడా రంగు ఒకేసారి మెషీన్‌లో కలిపించండి. నాలుగు డబ్బాలయితే పెద్ద డ్రమ్ములో పోసి కలుపుకోమనండి. వేర్వేరు రోజుల్లో కలిపిన గ్రే మధ్య వెంట్రుకవాసి తేడా ఉన్నా గోడ మధ్యలో గీతలా కనపడుతుంది. క్రీమ్‌లో ఇంత తెలియదు. పెయింటరు స్టెయినర్ ట్యూబు పిండి చేత్తో గ్రే కలుపుతానంటే వద్దనండి. మా పెయింటరు మంచివాడే, "ఆజ్ఞా, అచ్చు అదే వస్తుంది" అన్నాడు (ఆజ్ఞా అంటే ఒడియాలో అయ్యా అని). బీరువా వెనక గోడకి కాబట్టి సరిపోయింది.

పని అయ్యాక ఒక అరలీటరు రంగు గాలి చొరబడని ప్లాస్టిక్ డబ్బాలో పోసి దాచండి, టచప్‌కి. దాని మీద షేడు నంబరు, బేస్ పేరు, తేదీ రాయండి. మూత మీద కాదు, మూతలు మారిపోతాయి. ఇనప డబ్బాలో ఉంచితే మన వానలకి తుప్పు పట్టి చీటీ ఊడిపోతుంది. మా అటక మీద అలాంటిది ఒకటుంది. అందులో ఉన్నది హాలు గ్రేనో, వంటింటి క్రీమో మూత తీస్తే గానీ తెలియదు, ఆ మూత రావడం లేదు.